కార్న్ స్నేక్‌కీ కింగ్ స్నేక్‌కీ పిల్లలు తీయడం: రంగు లెక్క, గుణం లెక్క

మొదటి గుడ్డు చీల్చుకుని తల బయటపెట్టిన పిల్ల ఫొటో పంపగానే అమ్మ రేపల్లె నుంచి ఫోన్ చేసింది. "ఏమే, ఇది నాగుపాముకీ జెర్రిపోతుకీ పుట్టిందా?" అంది.

ఆ అనుమానం ఎక్కడిదో నాకు తెలుసు. మా వైపు జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది, రెండూ జతకడతాయి అంటారు. చేలగట్టున రెండు పాములు మెలికలు తిరిగి నిలువునా లేస్తుంటే అమ్మమ్మ మమ్మల్ని దూరంగా నిలబెట్టి దణ్ణం పెట్టించేది. నిజానికి అవి రెండూ మగ జెర్రిపోతులే. ఒకదాని తల ఒకటి నేలకు అదమాలని పట్టే కుస్తీ అది. నాగుపాము కుటుంబం వేరు, జెర్రిపోతు కుటుంబం వేరు. వాటికి పిల్లలు పుట్టే ప్రశ్నే లేదు.

నా డబ్బాలో పుట్టింది మాత్రం నిజంగానే రెండు జాతుల బిడ్డ. తల్లి కార్న్ స్నేక్, తండ్రి కాలిఫోర్నియా కింగ్ స్నేక్. కింగ్ స్నేక్ అంటే మన రాచనాగు అనుకోకండి, దీనికి మనిషిని చంపే విషం లేదు. తోటి పాముల్ని తింటుంది కాబట్టి ఆ పేరు. ఈ రెండూ ఉత్తర అమెరికా పాములు. ప్రజాతులు వేరైనా దగ్గరి చుట్టాలు. వీటి పిల్లలు కంచరగాడిదల్లా గొడ్డుపోవు, పెరిగి మళ్ళీ గుడ్లు పెడతాయి. ఇక్కడి పెంపకందార్లు ఈ సంకరాన్ని జంగిల్ కార్న్ అంటారు.

నేనుండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన డబ్లిన్‌లో. ఎనిమిదేళ్లుగా ఇంటి బేస్‌మెంట్‌లో పాముల్ని పెంచుతున్నాను. సంకరం తీయాలనుకునే తెలుగువాళ్లు అప్పుడప్పుడూ నన్ను అడుగుతుంటారు. అందరూ ముందు అడిగేది రంగు గురించే. రంగు చాలావరకు లెక్కకు అందుతుంది. గుణం అలా అందదు, ఒక్కో పిల్లనీ నెలల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. అందుకే ఇక్కడ ఎక్కువ దాని గురించే రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది చదివి జెర్రిపోతునో నీరుకట్టెనో తెచ్చి డబ్బాలో పెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన పాముల్ని పట్టడం, ఇంట్లో పెంచడం నేరం. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు. ఆ రాష్ట్రపు అడవుల్లో సహజంగా తిరిగే పాముని ఇంట్లో ఉంచుకోవడానికి కొన్నిచోట్ల పర్మిట్ కావాలి, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. మీ రాష్ట్రం రూల్స్ చదివాకే పాము కొనండి.

ఏ జతతో మొదలుపెట్టాలి

కింగ్ స్నేక్‌తో మొదలుపెట్టొద్దు. మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది కార్న్ స్నేక్, గ్రేట్ ప్లెయిన్స్ ర్యాట్ స్నేక్ జత. ఈ ర్యాట్ స్నేక్‌ని ఎమరీ ర్యాట్ స్నేక్ అని కూడా అంటారు. ఇది కార్న్‌కు ఇంకా దగ్గరి చుట్టం. ఒకదాన్నొకటి తినే భయం దాదాపు లేదు. ఎమరీ గుడ్లు తక్కువే పెడుతుంది కానీ పెద్దవి పెడుతుంది. కార్న్ పిల్లల్లో కొన్ని మొదటి మేతకు నోరు తెరవక మనల్ని ఏడిపిస్తాయి. ఎమరీ రక్తం కలిసిన పిల్లలు కాస్త పెద్దవిగా పుట్టి తొందరగా తింటాయి. అయితే చిన్నప్పుడు కరవడానికి కూడా ముందే ఉంటాయి.

రంగు లెక్క నేర్చుకోవడానికి ఈ జత మంచి బడి. కార్న్‌లో అమెల్ అనే రకం ఉంది. ఒంట్లో నలుపు పుట్టదు, ఎరుపూ నారింజా తెలుపూ మిగులుతాయి, కళ్ళు ఎర్రగా ఉంటాయి. 1953లో నార్త్ కరోలినాలో దొరికిన ఒక అమెల్ పాముతో బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవైద్యుడు తరాలు నడిపి, 1961లో అమెల్ పిల్లల్ని పొదిగించి, ఇది అంతర్గత లక్షణమని తేల్చాడు. ఇప్పుడు ఇళ్లల్లో పెరిగే అమెల్ కార్న్‌ల కథ అక్కడే మొదలైంది. ఓసీఏ2 అనే జన్యువులోకి వేరే డీఎన్ఏ ముక్క దూరడం వల్ల నలుపు ఆగిపోతోందని జెనీవా పరిశోధకులు 2015లో చూపించారు.

అంతర్గతం అంటే తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి, రెండు ప్రతులూ ఉంటేనే బయటపడేది. అమెల్ కార్న్‌ని మామూలు ఎమరీతో కలిపితే మొదటి తరంలో ఒక్క అమెల్ కూడా రాదు. అన్నీ గోధుమరంగులో ఉంటాయి, వీటిని రూట్‌బీర్ అంటారు. ప్రతి పిల్లా ఒక ప్రతిని లోపల దాచుకుని ఉంటుంది. ఆ తరంలో ఆడా మగా కలిపితే రెండో తరంలో నాలుగింట ఒకటి అమెల్ రావాలి. లేత నారింజ, మీగడ రంగు కలిసిన ఆ పిల్లల్నే క్రీమ్‌సికిల్ అంటారు. నాలుగింట ఒకటి అనేది సగటు లెక్క. పన్నెండు పిల్లల్లో మూడు రావాలి కదా అని కూర్చుంటే ఒకటి రావచ్చు, ఆరు రావచ్చు.

రెండో తరంలో అమెల్ ఒక్కటే విడిపోదు, అన్నీ విడిపోతాయి. మా నాన్న హైబ్రిడ్ మొక్కజొన్న గింజలు దాచి మరుసటి ఏడు వేస్తే చేను ఒక తీరున రాలేదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒక కంకి నిండుగా, ఒకటి తాలుగా. పాముల్లోనూ అంతే. మొదటి తరం పిల్లలు ఒకదానికొకటి కాస్త పోలికగా ఉంటాయి. రెండో తరంలో ఒకటి అమ్మమ్మ పోలిక, ఒకటి తాత పోలిక, ఒకటి ఎవరి పోలికా కాదు. బాపట్ల సాంబ మసూరి, అదే బీపీటీ 5204 కూడా సంకరంలోంచి వచ్చిందే. కానీ దాన్ని తరాల తరబడి ఏరి ఏరి నిలబెట్టారు. పాముల్లో ఒక్క తరానికే మూడేళ్లు పడుతుంది. కాబట్టి "ఈ సంకరం ఇలాగే ఉంటుంది" అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

చలి, జత

ఆడ కార్న్‌కి కనీసం మూడేళ్లు నిండాలి, మూడు అడుగులు దాటాలి, 300 గ్రాములు తూగాలి. ఇది ఇక్కడి పెంపకందార్ల పాత లెక్క. చిన్న పాముతో గుడ్లు పెట్టిస్తే గుడ్డు అడ్డం పడి చచ్చిపోయే ప్రమాదముంది. మా ఆడదానికి నాలుగేళ్లు, 420 గ్రాములు. మగదాని విషయంలో నేను చూసేది వయసు కంటే దాని నడవడి. కనీసం రెండేళ్లు మన చేతిలో పెరిగి ఉండాలి. కొత్తగా కొన్న మగదాని గుణం తెలియకుండా జత కట్టించొద్దు.

నవంబరు మొదట్లో మేత ఆపాలి. రెండు వారాల్లో పొట్ట ఖాళీ అవుతుంది. పొట్టలో ఎలుక ఉండగా చలిలో పెడితే అది అరగక లోపలే కుళ్ళుతుంది. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాటాక పాముల్ని బేస్‌మెంట్‌లో కిటికీ పక్క చీకటి మూలకు మారుస్తాను. అక్కడ 50 నుంచి 55 ఫారెన్‌హీట్, అంటే 10 నుంచి 13 సెల్సియస్. పది వారాలు. మేత ఉండదు, నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. వారానికోసారి నీళ్లు మార్చి, రెండు వారాలకోసారి తూకం చూస్తాను. ఫిబ్రవరిలో మెల్లగా వెచ్చబెట్టి, ఆడదానికి అయిదారు రోజులకోసారి చిన్న చిన్న మేతలు పెడతాను. ఆ తర్వాత మొదటిసారి కుబుసం విడిచినప్పుడు ఎదకు వచ్చినట్టు.

ఎమరీతో అయితే ఇక్కడ కష్టమేమీ లేదు. కింగ్‌తో మాత్రం రెండు చిక్కులు. ఒకటి, కింగ్ మగది కార్న్ ఆడదాన్ని తన జాతి ఆడదిగా గుర్తుపట్టాలి. పాము ఆడదాన్ని గుర్తుపట్టేది చర్మం మీది వాసనతో. నాలుక చాపి ఆ వాసనని అంగిట్లోకి తీసుకుంటుంది. తెలిసినవాళ్ల దగ్గర ఒక ఆడ కింగ్ అప్పుడే విడిచిన కుబుసం తెచ్చి, తడిపి, మా కార్న్ వీపంతా రుద్దాను. ఆ ఆడ కింగ్ డబ్బాలో అడుగున పరిచిన పొట్టు రెండు గుప్పిళ్లు కూడా వేశాను.

రెండోది, కింగ్‌కి కార్న్ మేతలా కనిపించకూడదు. జతకు రెండు రోజుల ముందే మగదానికి కడుపునిండా పెట్టాను. రెండింటికీ కొత్తదైన పెద్ద డబ్బాలో వదిలి, పక్కన హుక్ (పాముని ఎత్తే కొక్కెం కర్ర), నీళ్ల స్ప్రే పెట్టుకుని కూర్చున్నాను. లేవకూడదు, ఫోన్ చూడకూడదు. మగ కింగ్ జతకట్టేటప్పుడు ఆడదాని మెడ పట్టుకోవడం మామూలే. వీపు మీద పాకుతూ ఒళ్ళు జలదరిస్తూ తోకని తోక కిందికి తెస్తుంటే అది జత. మెడ పట్టి ఒంటిని చుట్టలు చుడుతుంటే అది వేట, తక్షణం విడదీయాలి. మొదటి రోజు చుట్ట వేయబోయింది, స్ప్రే కొట్టి తీసేశాను. మూడు రోజుల తర్వాత మళ్ళీ వదిలితే ఇరవై నిమిషాలు జతకట్టాయి. ఏప్రిల్ 9.

మే 12న గుడ్ల ముందటి కుబుసం విడిచింది. తడి నాచు నింపిన డబ్బా, పాము పట్టేంత రంధ్రం చేసి లోపల పెట్టాను. మే 22న 14 గుడ్లు.

గుడ్లు

పాము గుడ్డుని కోడిగుడ్డులా తిప్పకూడదు. పెట్టినప్పుడు పైకి ఏ వైపు ఉందో పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఆ చుక్క ఎప్పుడూ పైకే ఉండేలా చూసుకోవాలి. ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటే అలాగే ఉంచండి. వర్మిక్యులైట్‌ని, అంటే తేమ పట్టి ఉంచే ఖనిజపు పొట్టుని, పిండితే నీళ్లు కారనంత తడిపి అందులో సగం దాకా దించాను. 82 ఫారెన్‌హీట్, అంటే 28 సెల్సియస్. థర్మోస్టాట్ లేకుండా ఈ పని చేయొద్దు. ఫోన్ టార్చ్ ఆనిస్తే లోపల ఎర్రటి నరాలు కనిపిస్తే జీవమున్నట్టు. రెండు గుడ్లు పసుపుగా మైనంలా ఉన్నాయి, అవి వట్టివి.

59వ రోజున మొదటి చీలిక. ముక్కు చివరి చిన్న పంటితో గుడ్డుని కోసుకుని, తల మాత్రం బయటపెట్టి ఒక రోజు, రెండు రోజులు అలాగే ఉంటాయి. సొన లోపలికి పీల్చుకుంటుంటాయి. అప్పుడు లాగితే చస్తాయి. ఒకటి గుడ్డులోనే పోయింది. 11 బయటికొచ్చాయి.

రూపం ఎలా చదవాలి

తల్లి అమెల్, తండ్రి నల్లటి గోధుమరంగు మీద తెల్ల పట్టీలున్న మామూలు కింగ్. పదకొండూ నలుపుతోనే, నల్ల కళ్ళతోనే పుట్టాయి. లెక్క ప్రకారమే. కానీ పొడలు మాత్రం ఏ రెండింటివీ ఒకటి కాదు. పిల్లలకు నంబర్లు వేశాను. 4వ నంబరు పిల్ల ఇప్పటికీ కళ్ళముందు ఉంది. మెడ నుంచి జానెడు దాకా తల్లి పొడలే, ఇటుకరంగులో, నల్ల అంచుతో విడివిడిగా. అక్కడి నుంచి పొడలు పక్కలకు సాగి తండ్రి పట్టీలైపోయాయి, తోక దగ్గర పూర్తిగా వలయాలే. తల కింగ్‌ది, మెడ కన్నా పెద్ద వెడల్పు లేదు, గాజులా మెరుస్తుంది.

ప్రతి పిల్లకీ మూడు ఫొటోలు తీయండి: పైనుంచి, పొట్ట, తల. కార్న్ పొట్ట మీద నలుపు తెలుపు గళ్ళు ఉంటాయి, అవి ఎక్కడ చెదిరాయో చూడండి. కార్న్ వీపు మధ్య పొలుసులకు సన్నటి గీటు ఉంటుంది, కింగ్‌వి నున్నగా ఉంటాయి. పెద్దయ్యాక గోరు వెనక్కి ఆనించి చూస్తే తెలుస్తుంది. తోక మొదట్లో మలద్వారాన్ని కప్పే పొలుసు కార్న్‌లో రెండుగా చీలి ఉంటుంది, కింగ్‌లో ఒక్కటే. భూతద్దంతో చూసి పుస్తకంలో రాసుకోండి.

రంగు గురించి ఏడాది దాకా మాటివ్వొద్దు. కార్న్ రక్తంలో పసుపు ఆలస్యంగా వస్తుంది. పుట్టినప్పుడు బూడిదగా ఉన్న మెడలు పది నెలలకు బంగారు రంగు తిరిగాయి.

గుణం

పాము "కోపిష్ఠిది" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి భయం, రెండోది ఆకలి. భయపడిన పాము ఎస్ ఆకారంలో మెడ వెనక్కి తీస్తుంది, తోక వణికిస్తుంది, కంపు కొట్టే ద్రవం వదులుతుంది, కరిచి వెంటనే వదిలేస్తుంది. ఆకలి పాము ఇవేవీ చేయదు. నిదానంగా నాలుక ఆడిస్తూ ముందుకొచ్చి, పట్టుకుని, వదలకుండా నములుతుంది. తండ్రి కింగ్ ఏనాడూ నాకు భయపడి కరవలేదు. మేత పట్టుకున్న చెయ్యి సరిగా కడగక రెండుసార్లు దానితో కరిపించుకున్నాను.

ఈ రెండూ పిల్లలకు విడివిడిగా దిగుతాయని నా పుస్తకం చెబుతోంది. పుస్తకంలో రెండే గళ్ళు. మూత తీసి చెయ్యి తగిలించినప్పుడు ఎంత బెదిరింది, సున్నా నుంచి మూడు. మేత వాసన తగిలినప్పుడు ఎంత ఉరికింది, సున్నా నుంచి మూడు. వారానికొకసారి, ఒకే వేళకి. మేత పెట్టిన రెండు రోజుల్లోపు, కుబుసానికి ముందు కళ్ళు పాలవర్ణంలో ఉన్నప్పుడు చూడకూడదు. మూడు మేతలు తిన్నాకే మొదలుపెట్టాలి. మొదటి నెల అంకెలు నమ్మొద్దు. వేలెడంత పిల్లకు లోకమంతా శత్రువే, ఏ జాతిదైనా బెదురుతుంది.

నాలుగు నెలలకు నా దగ్గరున్న తొమ్మిదిలో ఆరు పిల్లల బెదురు సున్నాకో ఒకటికో దిగింది. రెండు నడిమధ్య ఆగాయి. 7వ నంబరు చివరిదాకా తోక వణికిస్తూనే ఉంది. ఆకలి గడిలో మాత్రం తొమ్మిదింటికి తొమ్మిదీ రెండో మూడో. తల్లికి అదే గడిలో ఒకటి. అంటే తల్లి నెమ్మదితనం అందరికీ సమంగా రాలేదు కానీ, తండ్రి ఆకలి అందరికీ వచ్చింది. ఒక్క ఈతను బట్టి సూత్రం కట్టను. మీ పుస్తకం మీరు రాయండి.

రూపం చూసి గుణం చెప్పొచ్చా అని అడుగుతారు. అడవి పాముల్లో ఒక ముడి నిజంగానే కనిపించింది. ఎడ్మండ్ బ్రోడీ అనే శాస్త్రజ్ఞుడు గార్టర్ స్నేక్ పిల్లల మీద చేసిన పని 1989లో నేచర్ పత్రికలో వచ్చింది. నిలువు చారలున్న పిల్లలు తిన్నగా పారిపోతాయి. మచ్చలున్నవి ఉన్నట్టుండి వెనక్కి మళ్ళుతూ పారిపోతాయి. ఆ రూపమూ ఆ పరుగూ వారసత్వంలో కలిసే నడుస్తున్నాయని తేలింది. అది ఒక్క జాతిలో, పారిపోయే తీరు ఒక్కదాని గురించే. జంగిల్ కార్న్‌లో పట్టీలు ఎక్కువున్న పిల్లే కింగ్ గుణం తెచ్చుకుంటుందని నేను అనుకున్నాను. నా పుస్తకంలో అలా రాలేదు. అందరికన్నా నెమ్మదిగా చేతిలో ఉండేది తోక వైపంతా పట్టీలున్న 4వ నంబరే. తోక వణికించే 7వ నంబరు చూడటానికి అచ్చం కార్న్.

కింగ్ రక్తమున్న ప్రతి పాముకీ ఒక అలవాటు చేయాలి. డబ్బా తెరిచాక ముందు హుక్‌తో ఒంటి మీద మెల్లగా తట్టండి. తట్టితే మేత లేదని దానికి అలవాటవుతుంది, ఆ తర్వాత చెయ్యి పెట్టండి. పట్టుకుని నములుతుంటే లాగొద్దు, దాని పళ్ళు విరుగుతాయి. చల్లటి నీళ్ల ధార కింద పెట్టండి, వదులుతుంది. ఎప్పుడు ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కోండి. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, కడుపు జబ్బు తెచ్చే బాక్టీరియా ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త.

పదకొండు తొమ్మిది ఎలా అయ్యాయో చెప్పాలి. పిల్లలు పుట్టిన వారం డబ్బాలు చాలలేదు. ఒక్క రాత్రే కదా అని 5ని, 9ని ఒకే డబ్బాలో ఉంచాను. తెల్లారి చూస్తే 9 ఒళ్ళు బిగుసుకుని ఉబ్బి ఉంది. దాని నోట్లోంచి రెండంగుళాల తోక బయటికి వేలాడుతోంది. ఎర్ర పొడలున్న తోక, 5ది. లాగడానికి భయమేసింది, లాగకపోయినా ప్రయోజనం లేకపోయింది. రెండో రోజు కక్కేసింది, వారం తిరక్కుండా అదీ పోయింది. పుట్టి పది రోజులు కాని పిల్లలు రెండు, నా వల్ల పోయాయి. గుడ్ల కన్నా రెండు డబ్బాలు ఎక్కువ కొనిపెట్టుకున్నాకే కింగ్‌ని జతకు వదలండి.

పిల్లల్ని ఇచ్చేటప్పుడు

అమెల్ ఒక ప్రతి ఉన్న జంగిల్ కార్న్ ఆడదాన్ని మళ్ళీ అమెల్ కార్న్ మగదానితో కలిపితే పిల్లల్లో సగం అమెల్ వస్తాయి. అవి ముప్పాతిక కార్న్. చాలావాటిని చూసి ఎవరూ సంకరమని చెప్పలేరు. ఈ వ్యాపకంలో మోసం మొదలయ్యేది అక్కడే. అచ్చమైన కార్న్ అని కొన్నవాళ్లు దాన్ని ఇంకో కార్న్‌తో ఒకే డబ్బాలో ఉంచుతారు, దాని పిల్లల్ని కార్న్ పిల్లలని అమ్ముతారు. అల్ట్రా అనే రంగు జన్యువు ఎప్పుడో గ్రే ర్యాట్ స్నేక్ సంకరం ద్వారా కార్న్‌లలోకి వచ్చిందని చాలామంది పెంపకందార్లు నమ్ముతారు. ఎవరు ఎవరితో కలిపారో రాసిపెట్టినవాళ్లు లేక ఈ రోజుకీ ఆ వాదన తెగలేదు. సంకరాన్ని బయట వదలడం అంతకన్నా పెద్ద తప్పు. చుట్టుపక్కల అడవి పాములతో కలిస్తే తిరిగి విడదీయలేం.

అందుకే నేను ఏ పిల్లనీ కాగితం లేకుండా ఇవ్వను. తల్లి ఫొటో, తండ్రి ఫొటో, పుట్టిన రోజు ఫొటోలు మూడు, పదహారు వారాల అంకెలు ఉంటాయి. 7వ నంబరుని తీసుకున్న కుర్రాడు డేటన్ నుంచి వచ్చాడు. దాని కాగితం మీద ఇలా రాసిచ్చాను: "సగం కార్న్, సగం కాలిఫోర్నియా కింగ్. చూడటానికి కార్న్‌లా ఉంటుంది, కార్న్ అని అమ్మొద్దు. అమెల్ ఒక ప్రతి ఉంది. బెదురు 3, ఆకలి 3. హుక్‌తో తట్టకుండా చెయ్యి పెట్టొద్దు. ఇంకో పాముతో ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు."